చుట్టపుచూపు కాటాలు

అత్తాకోడళ్ల గొడవ అనగానే అందరి కళ్లూ వంటింటి వైపు తిరుగుతాయి. మా గొడవ కార్ఖానాలో జరిగింది. కూరలో ఉప్పు ఎక్కువైందని కాదు, ఏడు వందల పది కాటాలు అమ్మినట్టా, అమ్మనట్టా అని. మూడు రోజులు మా మధ్య మాటల్లేవు. నాలుగో రోజు నేను ఓడిపోయాను. ఆ ఓటమి గురించి కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. మా ఆయనకు విని విని విసుగొచ్చింది గానీ నాకు చెప్పి చెప్పి విసుగు రాలేదు.

మాది కాటాల కార్ఖానా. దుకాణాల్లో బల్ల మీద పెట్టుకునే ముల్లు కాటాలు చేస్తాం. ముప్పై నాలుగు మంది పనివాళ్లు. మా ఆయన లోపల ముల్లు సరిచేసే బల్ల దగ్గర ఉంటారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా కాటాను గడప దాటనివ్వరు. మా అబ్బాయి తిరిగి ఆర్డర్లు తెస్తాడు. బ్యాంకు, బేరం, అరుపులు నా వంతు.

ఈ వ్యాపారంలో ఒక అలవాటుంది. లెక్కల సంవత్సరం ముగిసే చివరి వారంలో, మిగిలిన సరుకంతా లారీకెత్తించి తెలిసిన షాపువాళ్ల గోడౌన్లకు పంపేస్తాం. బిల్లు రాస్తాం. పుస్తకంలో అమ్మకం పడుతుంది. కొత్త సంవత్సరం రెండో వారంలో అదే లారీ వెళ్లి అవే కాటాలను వెనక్కి తెస్తుంది. అప్పుడు కొత్త పుస్తకంలో ‘వాపసు’ అని రాసుకుంటాం. షాపువాడికి దమ్మిడీ ఖర్చుండదు, మాకు సంవత్సరం కళకళలాడుతూ ముగుస్తుంది. వీటిని మేం చుట్టపుచూపు కాటాలంటాం. మేమొక్కళ్లమేనా? మా వీధిలో తాళాలు చేసేవాళ్లకూ, బకెట్లు చేసేవాళ్లకూ చుట్టాలున్నారు. ఆడిటరుగారు బిల్లుందా అని చూస్తారు. ఉంటే టిక్కు పెడతారు. తర్వాత టీ తాగి వెళ్లిపోతారు.

మా లెక్కలు ముప్పై ఏళ్లు ఒకే గుమాస్తా రాశాడు. ఏం చెప్పినా ‘సరేనమ్మా’ అనేవాడు కాబట్టి కార్ఖానా మొత్తం ఆయన్ని సరే బాబాయి అని పిలిచేది. పోయినేడు మోకాళ్లు మొరాయించి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆ కుర్చీలో మా కోడలు కూర్చుంది. పెళ్లికి ముందు ఆరేళ్లు ఒక ఆడిటరు ఆఫీసులో పనిచేసిన పిల్ల. పైసా జీతం ఇవ్వకుండా మంచి గుమాస్తా దొరికిందని లోలోపల మురిసిపోయాను. మొదటి నెలాఖరునే జీతం అడిగింది. ఇచ్చాను. మొహం మాడ్చుకునే ఇచ్చాను.

అప్పటికి నా ధ్యాసంతా రెండో షెడ్డు మీద. గోడౌన్లో అట్టపెట్టెలు కప్పు దాకా పేరుకుపోయి, మనిషి పక్కకు తిరిగితే తప్ప నడవలేని పరిస్థితి. వ్యాపారం పెరిగింది, చోటు పెరగాలి అనుకున్నాను. పక్క స్థలానికి బయానా ఇచ్చేశాను. అప్పు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకుంది, అప్పుడే ముగిసిన ఏడాది లెక్కల రిపోర్టు ఒక్కటి పదిరోజుల్లో ఇమ్మంది. ఆ రిపోర్టు కింద రెండు సంతకాలుంటాయి. ఒకటి యజమానిది, రెండోది లెక్కలు చూసేవాళ్లది.

నేను పెట్టేశాను. కోడలు పెట్టలేదు.

“ఒక్కసారి ఇవి చూడండి అత్తయ్యా,” అంటూ ఒక రసీదుల కట్ట నా బల్ల మీద పెట్టింది.

అవి ముద్ర రుసుము రసీదులు. కాటా అమ్మాలంటే తూనికల ఇన్‌స్పెక్టరు దాన్ని పరీక్షించి ముద్ర వెయ్యాలి. ముద్ర లేని కాటా ఏ దుకాణంలో కనిపించినా జరిమానాయే. ఒక్కో ముద్రకు ఇంత అని రుసుము కట్టాలి. చుట్టపుచూపుకు వెళ్లే కాటాలు ఎలాగూ ఇంటికొచ్చేవే కదా, వాటికి ముద్ర దండగని నేనే ఆపించాను. ఆ తెలివి నాదే. దానికి నన్ను నేను మెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి.

“బిల్లుల ప్రకారం ఈ ఏడు పదమూడు వందల ఇరవై కాటాలు బయటికెళ్లాయి,” అంది కోడలు. “ముద్రలు ఆరు వందల పదికే పడ్డాయి. మిగిలిన ఏడు వందల పది ముద్ర లేకుండా ఎవరు కొన్నారు?”

“అవి చుట్టాలు. నీకు తెలీదా ఏంటి?”

“తెలుసు. అందుకే అవి అమ్మకం కాదంటున్నా. పోయినేటి వాపసులు నాలుగొందల ఇరవై తీసేసి, వీటిని కలిపి తొమ్మిది వందలు అమ్మినట్టు రాశారు. అమ్మింది ఆరు వందల పదే.”

“అందరూ రాసేదే మనమూ రాస్తున్నాం. కొత్తగా నువ్వొచ్చి న్యాయం చెప్తావా?”

“న్యాయం చెప్పట్లేదు అత్తయ్యా. సంతకం పెట్టనంటున్నా. అంతే.”

గొంతు పెంచి ఉంటే నాకు బావుండేది. గొంతు పెంచిన మనిషిని అణచడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఈ పిల్ల మాత్రం చీటీ మీద మందు పేరు రాసిచ్చే డాక్టరులా మాట్లాడింది. నాకు ఒళ్లు మండింది. పనివాళ్లందరూ వింటుండగా, నా ఇంట్లో తిని నా షెడ్డుకే అడ్డుపడతావా అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. రసీదులు సర్దుకుని తన కుర్చీలోకి వెళ్లిపోయింది. సంతకం మాత్రం పెట్టలేదు.

భోజనాల దగ్గర మా అబ్బాయి కంచంలోంచి తల ఎత్తలేదు. మా ఆయన్ని అడిగితే, “ముల్లు సంగతి నన్నడుగు, పుస్తకం సంగతి మీరూ మీరూ చూసుకోండి,” అని తప్పుకున్నారు. మూడు రోజులు అలాగే గడిచాయి. గడువుకు వారమే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే ఆటో పంపి సరే బాబాయిని రప్పించాను. జీతాల పట్టీలో ఆయన పేరింకా కొట్టెయ్యలేదు. ఆయన సంతకం బ్యాంకువాళ్లకు కొత్తేమీ కాదు. ఊతకర్ర పట్టుకుని మెల్లగా వచ్చి కూర్చున్నాడు. కోడలు లేచి తన కుర్చీ ఆయనకిచ్చి పక్కన నిలబడింది. నేను రిపోర్టు ముందుకు తోసి, “ఇక్కడ పెట్టండి బాబాయ్,” అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. రిపోర్టు చూశాడు. బల్ల చివర ఉన్న రసీదుల కట్ట దగ్గరికి లాక్కుని, అది కూడా చూశాడు. ఎంతసేపని. నేను పెన్ను మూత తీసి మరీ ఇచ్చాను.

“వద్దమ్మా,” అన్నాడు.

ముప్పై ఏళ్లలో ఆయన నోట ఆ మాట వినలేదు. విననట్టే, “ఏంటి?” అన్నాను.

“వద్దమ్మా. ఈ పిల్ల రాసింది నిజం. మీరేటా ఒక్కటే అనేవాళ్లు, పోయినేటి కంటే తగ్గి కనపడకూడదని. నేను సరే అని, ఎన్ని పంపితే తొమ్మిది వందలవుతాయో లెక్కేసి పంపించేవాణ్ణి. ఈ పని మొదలుపెట్టిన ఏడు డెబ్బై. రెండో ఏడు రెండొందల పది. మూడో ఏడు నాలుగొందల ఇరవై. ఈ ఏడు నేను లేను. మీరు గోడౌన్ ఖాళీ చేసి పంపేయమన్నారట. ఏడొందల పది. అసలైన అమ్మకం ఎనిమిదొందల ముప్పై నుంచి ఆరొందల పదికి దిగింది. ఏటేటా దిగుతోంది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరు అడగలేదు. అడిగితే సరే అనడం ఒక్కటే నాకొచ్చు.” ఆయన తల వంచుకున్నాడు. “ఈ పిల్ల నాలాంటిది కాదమ్మా.”

ఏమీ తోచకపోయినా మాట్లాడటం నా అలవాటు. కొట్లవాళ్లు కొనకపోతే మా అబ్బాయి ఏం చేస్తున్నాడన్నాను. కొట్లవాళ్లు అంకెలు చూపించే కరెంటు కాటాలు అడుగుతున్నారని వాడు రెండేళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాడు. తొమ్మిది వందలు అమ్ముతుంటే కొత్తవెందుకని నేనే వాడి నోరు మూయించాను. ఆ సంగతి అంటుండగానే గుర్తొచ్చింది. అయినా తగ్గలేదు. ముందు ఈ ఏడు గట్టెక్కనివ్వండి, వచ్చే ఏడు చూసుకుందాం అన్నాను.

అప్పుడు కోడలు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “వచ్చేవారం ఆ ఏడొందల పదీ తిరిగొస్తాయి కదా అత్తయ్యా. కొత్తగా చేసినవి కూడా ఉన్నాయి. అన్నీ ఎక్కడ పెడదాం?”

“అందుకేగా రెండో షెడ్డు కడుతున్నది,” అన్నాను.

అని, ఆగిపోయాను.

అనాల్సిందంతా నేనే అనేశాను. అమ్ముడుపోని కాటాలు దాచుకోవడానికి అప్పు చేసి షెడ్డు కడుతున్నాను. పుస్తకంలో తొమ్మిది వందలని ఉంది కాబట్టి ఏటా తొమ్మిది వందలు చేయించాను. ఆ తొమ్మిది వందలు రాయించింది నేనే. బ్యాంకును మభ్యపెడుతున్నాననుకున్నాను. నేను చెప్పించిన అబద్ధాన్ని నేనే చదువుకుని, నేనే నమ్మి, బయానా కూడా ఇచ్చుకున్నాను. ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగితే కాటాను బయటికి పంపని ఇంట్లో, మూడేళ్లుగా ఇలాంటి రిపోర్టు బయటికి వెళ్తోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

నా సంతకమున్న కాగితాన్ని నేనే చింపాను. “నిజం రాస్తే ఎంత తేలుతుంది?” అని అడిగాను.

“నష్టం,” అంది కోడలు. “పాత మూడేళ్లవీ సరిచేసి చూపించాలి. నేను రాసే ఉంచాను.” సొరుగులోంచి తీసింది. తన సంతకం అప్పటికే పెట్టి ఉంది. పక్కన నాకు చోటు వదిలింది. నేను ఎంత అరిచినా ఆ మూడు రోజులూ తన పని తాను చేసుకుపోయిందన్నమాట. నాకు కోపం రావాలి. గర్వం వచ్చింది. ఎక్కడ దాచుకోవాలో తెలియక, ముక్కు తుడుచుకుని సంతకం పెట్టాను. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలని, యంత్రాలాపించి పనివాళ్లందరి ఎదుటా చెప్పాను, మొన్న నేనన్నది తప్పని. మా ఆయన బల్ల దగ్గర్నుంచి లేచి మరీ విన్నారు. ఇలాంటిది ఆయన ఇంతకుముందు చూసి ఎరగరు.

బ్యాంకుకు నేనొక్కదాన్నే వెళ్లాను. తిట్లు తినాల్సింది నేను కాబట్టి. ఆఫీసరు రిపోర్టును ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ తిప్పాడు.

“పాత మూడేళ్ల లాభాలు కూడా తప్పని మీరే రాసిస్తున్నారు. ఇలా ఎవరూ రాసివ్వరు.”

“మా లెక్కలు చూసే ఆమె ఇంకోలా రాయనంది.”

“మీరు యజమాని కదా. చెప్తే వినదా?”

“చెప్పానండీ. అరిచాను కూడా. ఆటో పంపి పాత గుమాస్తాను రప్పించాను. అయినా వినలేదు. మా కోడలు.” ఆయన నష్టం గురించి అడుగుతుంటే నేను కోడలి గురించి చెబుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. నోరు ఆగితేగా. ముద్ర రసీదులు ఎలా పట్టుకుందో, నాలుగేళ్ల లెక్క ఒక్క కాగితం మీద ఎలా పరిచిందో మొత్తం చెప్పాను. వెనక వరసలో నిలబడ్డవాళ్లు కూడా విన్నారు. వినాలనే కాస్త గట్టిగా చెప్పాను.

షెడ్డు అప్పు ఇవ్వలేదు. రోజువారీ ఖర్చులకిచ్చే అప్పులో కూడా మూడో వంతు కోసేశాడు. పాత తప్పుకు పై ఆఫీసుకు సంజాయిషీ రాసిమ్మన్నాడు. బయానా పోయింది. నా కారు అమ్మాను. ఆ ఏడొందల పది కాటాలను తెప్పించి, ముద్ర వేయించి, తక్కువ ధరకు చిన్న చిన్న కొట్లకు అమ్మడానికి ఏడాది పట్టింది. జీతాలు రెండుసార్లు వారం ఆలస్యమయ్యాయి. ఒక్క మనిషిని కూడా తీసెయ్యలేదు. గోడౌన్ సగం ఖాళీ అయింది. ఆ సగంలోనే మా అబ్బాయి చేత కరెంటు కాటాల బల్లలు వేయించాను. రెండో షెడ్డు అవసరం లేకుండా పోయింది.

మళ్లీ సంవత్సరాంతం వచ్చింది. చివరి వారం మధ్యాహ్నం, కోడలు లెక్కలు ముగించే పనిలో ఉంది. నేను ఎదురుగా కూర్చుని రసీదులు వరసగా అందిస్తున్నాను. తను అడిగిన కాగితం అడిగిన వెంటనే ఇవ్వాలి, లేకపోతే చూసే చూపు వేరేగా ఉంటుంది. అమ్మినవీ, ముద్ర పడ్డవీ ఒకే అంకె దగ్గర ఆగాయి. లాభం ఉంది. చిన్నది, చెప్పుకోవడానికి పెద్దగా లేదు. అయినా నేను మూడుసార్లు చూసుకున్నాను.

అప్పుడే ఫోను మోగింది. మా చుట్టాలు ఎక్కువగా బస చేసే పెద్ద షాపాయన.

“అక్కయ్యా, గోడౌన్ ఒక పక్క ఖాళీ చేయించి పెట్టాను. ఈసారి ఎన్ని పంపుతున్నారు?”

“ఒక్కటీ పంపట్లేదు తమ్ముడూ.”

ఆయన నవ్వాడు. “తెలుసులే. కోడలు ఒప్పుకోదంటగా.”

కోడలికి ఆ మాట వినిపించింది. రాస్తున్న చెయ్యి ఆగింది, తల మాత్రం ఎత్తలేదు.

“కోడల్ని అడగనేలేదు,” అన్నాను. “నేనే ఒప్పుకోను.”