ఆమేన్ అనని ఇల్లు

బ్రూక్‌ఫీల్డ్‌లో ఇస్సాకు వాళ్ళ ఫ్లాట్‌లో తెల్లవారిందంటే వంటింట్లో కుక్కర్ కూత, బెడ్‌రూమ్‌లో ఇస్సాకు ఆఫీసు కాల్, హాల్లో కిటికీ పక్కన చాప మీంచి రాహేలమ్మ ప్రార్థన. రాహేలమ్మ ఇస్సాకు తల్లి. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది.

బాపట్ల నుంచి కొడుకు దగ్గరికొచ్చాక కూడా ఆవిడ అలవాటు మారలేదు. పొద్దున్నే కొంగు తలమీద కప్పుకుని ఆ చాప మీద మోకరించి, ఇంట్లోవాళ్ళందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. ఇస్సాకు కాఫీ అడిగితే గ్లాసు వెనక్కి పట్టుకుని "ప్రార్థనయ్యిందా?" అనేది. ఒకరోజు పేర్లన్నీ చెప్పి, చివరి 'ఆమేన్' అనేలోపే ముందుకు ఒరిగిపోయింది. మనిషిని సమాధి చేసి వచ్చారు గానీ ప్రార్థన చాప మీదే ఉండిపోయింది. మర్నాడు అదే వేళకి ఆవిడ గొంతుతోనే మొదలై, పేర్లన్నీ చెప్పుకుంటూ వచ్చి, "యేసు నామంలో అడిగి వేడుకొంటున్నాం పరమ తండ్రీ" దగ్గర ఆగింది. ఆ మర్నాడు మళ్ళీ మొదటినుంచి.

ఇంట్లోవాళ్ళని ఓదార్చే ఆదరణ కూడికకి వచ్చిన పాస్టరుగారు అది విని, తన నోటిదాకా వచ్చిన మాటని అరచేత్తో ఆపుకున్నారు. "ఈ ఇంట్లో ఎవరూ ఆమేన్ అనకండమ్మా. అన్నారంటే అమ్మగారి ప్రార్థన ముగిసిపోతుంది," అని చెప్పి, భోంచేసి వెళ్ళారు.

ఆమేన్ అనకూడదన్నాక ఇంకేం ప్రార్థన? ఇస్సాకుకి ఇంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది! "అమ్మ చేస్తోందిగా," అనేవాడు భార్య శ్రీజతో, ఇయర్‌ఫోన్లు తగిలించుకుంటూ. అమ్మ చేసేది పనిచేసేది కూడా. రింగురోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు గుద్ది బైకు నుజ్జునుజ్జయినా ఇస్సాకు చొక్కా గుండీ కూడా ఊడలేదు. "చిన్నికి జలుబు తగ్గించు ప్రభువా" అని ఆ ప్రార్థన ఎప్పటిదో జలుబు గురించి రోజూ అడుగుతుంటే, కూతురు చిన్నికి అప్పట్నుంచీ తుమ్మన్నదే లేదు. పనిమనిషి పిల్లమ్మ మోకాళ్ళ నొప్పి కూడా అందులో ఉంది. ఆమె చాప చుట్టూ జాగ్రత్తగా ఊడ్చేది. "అమ్మది నడస్తా ఉండాది. ఆ మూల రేపు తుడుస్తాలేప్పా," అనేది. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

ఏడాదిన్నర కొడుకు పండు మాత్రం పుట్టినప్పటినుంచీ నలతే. ఒకటి తగ్గితే ఇంకొకటి. ఆ వానల్లో జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఐసీయూలో ముక్కుకీ నోటికీ గొట్టాలు పెట్టారు. చిన్నిని ఎదురు ఫ్లాట్‌లో వదిలి, మొగుడూ పెళ్ళాం ఆస్పత్రి వరండాలో కూర్చున్నారు.

"ఏం కాదు శ్రీజా. డాక్టర్లు చూస్తున్నారు. ఇంట్లో అమ్మ ప్రార్థన ఉంది," అన్నాడు ఇస్సాకు.

"అందులో వీడి పేరుందా?"

ఇస్సాకు అమ్మ చెప్పే పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు.

"అత్తయ్య పోయేనాటికి నాకు నెల తప్పిందంతే. స్కానింగ్ అయ్యాక చెబుదాంలే అనుకున్నా. వీడున్నట్టే ఆవిడకి తెలీదు." శ్రీజ గొంతు పెంచలేదు, ఏడవలేదు. "ఆవిడ చెప్పలేదు. మనమూ చెప్పలేదు. మరి వీడి సంగతి దేవుడికి ఎవరు చెప్పారండీ?"

చర్చిలో పండుని దేవుడికి అప్పజెప్పే ప్రతిష్ట కూడా, ప్రాజెక్టు రిలీజయ్యాక పెట్టుకుందామని వాయిదా వేసింది ఇస్సాకే. లేచి ఇంటికి పరుగెత్తాడు.

అప్పటికే తెల్లారి, ప్రార్థన నడుస్తోంది. చాప పక్కన కూలబడ్డాడు. జేబులో ఆఫీసు కాల్ మోగుతూనే ఉంది.

"అమ్మా, పండు. పండు పేరు చెప్పమ్మా."

గొంతు ఆగలేదు. చిన్ని జలుబు దాటి పిల్లమ్మ మోకాళ్ళకి వచ్చింది. తనే ఏదో అందామనుకున్నాడు. పొద్దస్తమానం కాల్స్‌లో గడగడా మాట్లాడేవాడికి ఒక్క మాట పెగల్లేదు. చిన్నప్పటిలా అమ్మ వెనకే ఒక్కో మాటా పలుకుతూ పోయాడు. పేర్లయిపోయి ఆవిడ ఊపిరి పీల్చుకునే చోట అడ్డం పడ్డాడు.

"పండు, ప్రభువా. నా కొడుకు. వాడి గురించి నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు. తప్పు నాది. వాణ్ణి కాపాడు."

గొంతు ఆగింది. మధ్యలో ఆగడం రెండేళ్ళలో ఇదే మొదటిసారి. తర్వాత, కొత్త పేరు నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు, "పండు," అంది రాహేలమ్మ. మళ్ళీ ఒకసారి, ముద్దుగా, "పండు."

ఇద్దరూ కలిసి అన్నారు: "యేసు నామంలో అడిగి వేడుకొంటున్నాం పరమ తండ్రీ..."

"ఆమేన్."

ఆ మాట ఇస్సాకు అనలేదు, మాటలొచ్చిన నాటినుంచీ అలవాటుపడ్డ నాలుక అనేసింది. అన్నాక గానీ తెలియలేదు. హాల్లో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

"అమ్మా. పొరపాటున వచ్చేసిందమ్మా. అనలేదనుకో," అంటూ చాప తడిమాడు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఫోను మోగింది. శ్రీజ. "కళ్ళు తెరిచాడండీ. గొట్టం తీసేశారు, తనే ఊపిరి తీసుకుంటున్నాడు. ఇంకా గండం గడవలేదట గానీ... అండీ? వింటున్నారా?"

మర్నాడు పొద్దున శ్రీజ ఆస్పత్రిలోనే ఉంది. చిన్నిని ఇంటికి తెచ్చుకుని ఇస్సాకు తనే కాఫీ కలుపుకున్నాడు. పిల్లమ్మ చీపురు పట్టుకుని చాప ముందు నిలబడిపోయింది.

"అమ్మ ముగించేసినాదా అప్పా?"

"ముగించింది పిల్లమ్మా."

ఆమె కిటికీ పట్టుకుని మెల్లిగా కిందికి కూర్చుంది. "అదే అనుకుంటి. నిన్నటి నుంచి మోకాళ్ళు నిలవనీకుండా ఉండాయి."

లోపలి గదిలోంచి చిన్ని తుమ్మింది. ఒకటి. వెంటనే ఇంకొకటి.

ఆఫీసు కాల్ మోగింది. ఇస్సాకు ఫోను కట్టేశాడు. తాగని కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, చాప మీద మోకరించి, అమ్మ చెప్పే వరసలోనే పేర్లు మొదలుపెట్టాడు. ఇకమీదట అతను చెప్పకపోతే చెప్పేవాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు.