కుంకుడు నురగ

మా ఉప్పునీటి అక్వేరియం కింద స్కిమ్మర్ అని ఒక గొట్టం ఉంటుంది. నీళ్లలోని మురికిని నురగగా పైకి నెట్టి, మెడ మీదున్న కప్పులో పడేస్తుంది. ఆ కప్పులో చేరే గోధుమరంగు రసం వాసన పగవాడికి కూడా వద్దు. వారం వారం నేను ముక్కుకు చున్నీ కట్టుకుని వేడినీళ్లతో, బ్రష్షుతో తోముతుంటే మా ఆయన ఫణికుమార్ సోఫాలోంచి "వాసవీ, తలుపెయ్యి, కంపు" అంటాడు. ఒళ్లు మండదా మరి?

ఈ మధ్య మా క్లౌన్ చేపల జంట మొదటిసారి గుడ్లు పెట్టింది. మగచేప వాటిని వదలకుండా రెక్కలతో విసురుతూ కూర్చుంది. నాకెంత సంబరమో చెప్పలేను.

నిన్న సాయంత్రం ఆయన ఆఫీసు వాళ్లు భోజనానికి రావాల్సి ఉంది. నేనింకా నోయిడాలో మీటింగులోనే ఉన్నాను. కప్పు తానే కడుగుతానని ఫోన్ చేశాడు. ఇన్నాళ్లకు దేవుడు కరుణించాడనుకున్నాను. సబ్బు వద్దు, గిన్నెల లిక్విడ్ వద్దు, ఏ కెమికలూ వద్దని నొక్కి నొక్కి చెప్పాను.

మెట్రో ఎక్కాక వీడియో వచ్చింది. కప్పు పొంగి తెల్లటి నురగ కారిపోతోంది. "చూశావా, ఎంత బాగా పనిచేస్తోందో" అని కింద రాశాడు. వెంటనే ఫోన్ చేశాను.

"ఏం పెట్టి కడిగావు?"

"కెమికలేం కాదు. కుంకుడు రసం. స్కిమ్మర్ పంపు కూడా అందులోనే నానబెట్టా."

"కుంకుడు రసమా?"

"అమ్మ నగలు దాంతోనే కడుగుతుంది. బంగారాన్నే ఏం చెయ్యంది, చేపల్ని చేస్తుందా?"

"అది చేపల మొప్పలకి విషం. ముందు స్విచ్చాపు. బాల్కనీలో డ్రమ్ములో ఉప్పునీళ్లు కలిపిపెట్టా. బకెట్లోకి తీసి చేపల్ని అందులో వెయ్యి."

"అబ్బా, గెస్టులు లిఫ్ట్ దగ్గరికొచ్చేశారు. నువ్వొచ్చి చూసుకో."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మా మయూర్ విహార్ స్టేషన్ వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను, అలా నిలబడితే మెట్రో తొందరగా పోతుందన్నట్టు.

ఇంట్లో అందరూ జ్యూసు తాగుతున్నారు. స్కిమ్మర్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆడచేప నీటిపైన నోరు తెరిచి ఎగపోస్తోంది. మగచేప గుడ్ల పక్కన ఒరిగిపోయి ఉంది. ప్లగ్గు పీకి, డ్రమ్ములో నీళ్లు బకెట్లోకి తీసి, రెండింటినీ అందులోకి మార్చాను. మగచేప కదల్లేదు.

"భాభీజీ, క్యా హువా?" అంటూ ఒకాయన ఏమైందోనని లేచాడు.

నేను నోరు తెరిచేలోపే ఫణి నవ్వుతూ హిందీలో అందుకున్నాడు. "ట్యాంకంతా వాసవే చూసుకుంటుంది. ఏదో తేడా చేసినట్టుంది."

నా ఎదురుగానే అన్నాడు. సిగ్గన్నా లేదు.

చచ్చిన చేపను తీసి ఆయన అరచేతిలో పెట్టాను. అందరికీ అర్థం కావాలని నేనూ హిందీలోనే చెప్పాను. "కుంకుడు రసంతో కడిగింది నువ్వు. విషమని చెప్పినా స్విచ్చాపనిది నువ్వు. దీన్ని చంపింది నువ్వు."

ఆయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను డ్రమ్ములోంచి ఇంకో చెంబు నీళ్లు తెచ్చి, బకెట్ పక్కన చతికిలబడి, ఆ రెండోదాని మొప్పలు ఆడుతున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను.