టీలో రెండు చెంచాలు

టైల్స్ పరిచేవాడి బతుకంతా మోకాళ్ల మీదే. ఆమె పనిచేసే జట్టులో ఎనిమిది మంది. వాళ్లకు మేస్త్రి ఆమె బావగారు, అంటే భర్తకు అన్న. ఆమె పని టైల్స్ మధ్య సందులు పూడ్చడం, రెండు పూటలా అందరికీ టీ కాచడం. కుర్రవాళ్లు అక్కా అనేవారు, అందరికన్నా పెద్దాయన చెల్లెమ్మా అనేవాడు. ఆ కుర్రవాళ్లలో ఒకడు నిజంగానే ఆమె తోడబుట్టినవాడు.

బావగారి దయాగుణం గురించి చెప్పాలంటే ఒక నోరు చాలదు లెండి! ఆరు నెలల కిందట ఒక డబ్బా పట్టుకొచ్చాడు.

"అమ్మాయ్, ఇది ఆకుల పొడి. ఎముకలకు భలే బలం. పొద్దున టీలో రెండు చెంచాలు వెయ్యి, అందరూ తాగుతారు."

ఆమె వేసింది. మూడో రోజుకల్లా మూలుగులు మాయం! అమ్మా అబ్బా అంటూ లేచేవాళ్లు చటుక్కున లేవసాగారు. మేస్త్రిని నెత్తిన పెట్టుకున్నారు. అదను చూసి ఆయన మధ్యాహ్నం ఇచ్చే గుడ్డూ, గ్లాసుడు పాలూ ఆపేశాడు. "బలమంతా పొడిలోనే ఉంటే ఇంకా గుడ్డెందుకురా?" అన్నాడు. అందరూ సరేనన్నారు.

పోయిన వారం ఆమె తమ్ముడు ఒక వంటగదిలో నేల పరుస్తూ, లేవబోయి లేవలేక అక్కడే కూలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. నెల రోజులుగా వాడి మొహం ఉబ్బుతుంటే "బాగా ఒళ్లు చేశావురా" అని ఆటపట్టించినవాళ్లలో ఆమె కూడా ఉంది.

డాక్టరమ్మ స్కాన్ తీయించింది, డబ్బా తెప్పించి పొడిని పరీక్షకు పంపింది. ఫలితం చేతికొచ్చాక ఆమెను కూర్చోబెట్టి చెప్పింది.

"ఆకుల్లో స్టెరాయిడ్ మందు కలిపారమ్మా. నొప్పిని అణిచేసింది, మొహం ఉబ్బించింది, లోపల ఎముకను తినేసింది. నీ తమ్ముడి తుంటి ఎముక రక్తం అందక చచ్చిపోతోంది. ఎముకకు కావలసింది పాలు, గుడ్లు, పప్పులు, కాస్త ఎండ. మీవాళ్లకు ఇచ్చే గుడ్డు కూడా ఆపేశారన్నావు కదా? అందరినీ ఇవాళే తీసుకురా. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. నేనే మోతాదు మెల్లగా తగ్గించాలి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆస్పత్రి నుంచి తిన్నగా పని దగ్గరికే వెళ్లి, అందరి ముందూ డాక్టరమ్మ మాటలు చెప్పి మేస్త్రిని నిలదీసింది.

"నాకేం తెలుసు? అమ్మినవాడు ఆకులే అన్నాడు" అన్నాడాయన.

"ఏముందో తెలియనిది ఎనిమిది మంది గొంతుల్లో ఎలా పోయించారండీ? గుడ్డు ఆపడం మాత్రం తెలిసిందా?"

"పోసింది నువ్వు కాదూ?"

ఛీ, ఏం మనిషి! కానీ అది అబద్ధం కాదు.

"అవును, నేనే పోశాను. నా తమ్ముడికి నా చేత్తోనే గ్లాసు అందించాను. ఆ తప్పు నాది, నేను మోస్తాను. మీది మీరు మోయండి. పదండ్రా, అందరూ ఆస్పత్రికి పదండి."

ఎవరూ కదల్లేదు. ఒక కుర్రాడు విసుక్కున్నాడు. "పని ఆగిపోతుందక్కా. ముందు టీ ఇవ్వు."

"నా మాట వినకపోతే ఒక్కొక్కడి చెవి పట్టుకుని ఈడ్చుకెళతాను!" అని అరిచింది ఆమె. కుర్రవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చేతులకంటిన సిమెంటు దులుపుకుంటూ లేచారు.

పెద్దాయన మాత్రం మోకాళ్ల మీదే ఉండిపోయాడు. "పొడి తీసేస్తే మళ్లీ నొప్పి వస్తుందా చెల్లెమ్మా?"

"వస్తుందన్నా."

"మరి రేపు ఇలా కూర్చోగలనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "తెలియదన్నా."

పెద్దాయన పళ్లు కొరికాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆరు నెలలుగా రోజూ ఆ టీ తాగి, నువ్వు చల్లగా ఉండాలని దీవించాను."

ఆమె లేపడానికి చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు.