మాస్కులో బామ్

వెంకటసుబ్బయ్యను తాడు కట్టి ట్యాంకులోంచి పైకి లాగాం. పెదాలు నీలంగా మారిపోయాయి. కళ్లు తేలేశాడు. సూపర్‌వైజర్ గురునాథం పరుగున వచ్చాడు. వచ్చి ఏం చేశాడో తెలుసా? పడిపోయిన మనిషి మొహాన ఉన్న మాస్కు ఊడబెరికి, గుడ్డతో తుడిచి, "రహీమూ, నువ్వు దిగు" అన్నాడు. మనిషి బతికున్నాడా లేదా అని కూడా చూడలేదు, దుర్మార్గుడు!

ఇది రెండువేల సంవత్సరం నాటి మాట. లోకమంతా కంప్యూటర్, కంప్యూటర్ అని ఊగిపోతున్న రోజులు. సింగపూర్‌లో ఉన్నానంటే సాఫ్ట్‌వేరా అని అడిగేవాళ్లు. అవును మరి! కంప్యూటర్ చిప్పులు కడిగిన మందునీళ్లు చేరే ట్యాంకుల్లోకి దిగి, అడుగున పేరుకున్న బురద తోడడమే మా సాఫ్ట్‌వేరు. శ్రీకాకుళం వాళ్లం, నెల్లూరు వాళ్లు, హైదరాబాద్ వాళ్లు, మొత్తం ఇరవై మందిమి. ఊరి చివర క్రాంజీ అనే చోట అందరికీ ఒకే గది.

అంబులెన్స్ వచ్చి వెంకటసుబ్బయ్యను ఆసుపత్రికి తీసుకుపోవడంతో ఆ శనివారానికి పని ఆగింది. "సిగరెట్లు కాల్చే ఊపిరితిత్తులు, అందుకే పడ్డాడు" అని గురునాథం కాగితం రాయించేశాడు. సోమవారం పొద్దున్నే ఆ ట్యాంకులోకి దిగాల్సింది అబ్దుల్ రహీం.

ఆదివారం ఒక మాస్కు సంచిలో దాచి, సెలవు రోజు మన వాళ్లంతా చేరే లిటిల్ ఇండియాకు పట్టుకుపోయాను. అక్కడి మైదానంలో స్పందన అనే అమ్మాయి మా ఫారాలు నింపి పెట్టేది. గుంటూరు పిల్ల, యూనివర్సిటీలో కెమిస్ట్రీ రీసెర్చ్. మాస్కు బుగ్గకు ఉన్న డబ్బాను స్క్రూడ్రైవర్‌తో విప్పింది. నల్లటి గింజలు గడ్డి మీద పడ్డాయి. మేమంతా చుట్టూ మూగాం.

"ఇది బొగ్గన్నా. మామూలు బొగ్గు కాదు, ఒళ్లంతా కంటికి కనపడని చిల్లులు. గాలిలో విషం ఆ చిల్లుల్లో పట్టుకుంటది. అన్నీ నిండినాక ఇంకేం పట్టదు, తిన్నగా మీ ఊపిరిలోకే. అప్పుడు లోపల మందు వాసన కొడుతుంది. వాసనొస్తే వెంటనే పైకొచ్చి డబ్బా మార్చాలి. మీకు వాసన రాలేదా?"

మాకు వాసన ఎలా వస్తుంది? మాస్కు లోపల దట్టంగా బామ్ పూసుకుని దిగుతాం. కంపు తెలియకుండా ఉండడానికి మేము కనిపెట్టిన ఉపాయం అది. అది చూసి కంపెనీ వాడు డబ్బాలు మార్చడం మానేసి నెలనెలా బామ్ సీసాలు పంచాడు. మంచోడని మెచ్చుకున్నాం కూడాను! ప్రాణం కాపాడే వాసనను మా చేతులతోనే చంపుకున్నామని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

"ఐతే కొత్త డబ్బాలు అడుగుదాం" అన్నాడు రహీం.

"అదీ చాలదన్నా. ఈ మాస్కు గాలిని వడగడుతుందంతే, గాలిని పుట్టించదు. మూసిన ట్యాంకులో ప్రాణవాయువు తగ్గిపోతే కొత్త డబ్బా పెట్టినా పడిపోతారు. ముందు మీటరుతో లోపలి గాలి చూడాలి. పైనుంచి పైపుతో గాలి వచ్చే మాస్కు ఇవ్వాలి."

సాయంత్రం గదిలో పెద్ద గొడవ.

"ఎదురు తిరిగితే పర్మిట్ కొట్టేసి ఇంటికి తోలేస్తార్రా!" అన్నారు సగం మంది.

"తోలేస్తే ఇంటికెల్తాం. దిగితే కాటికెల్తాం!" అన్నాను నేను.

రహీం అప్పటిదాకా తల వంచుకునే ఉన్నాడు. "నాకు భయమైతుంది భాయ్. రేపు దిగేది నేను. నేనొక్కణ్ణి దిగనంటే నన్నే తోలుతరు. అందరూ అంటే ఎవర్ని తోలుతరు?"

సోమవారం. ట్యాంకు మూత తీసి ఉంది. గురునాథం గడియారం చూసుకుంటూ కేకేశాడు, "రహీం, దిగవయ్యా!"

"గాలి చూసిన్రా సార్?"

"ఏం గాలి? మాస్కుందిగా!"

నేను ముందుకొచ్చాను. "అంత నమ్మకమైతే మీరే తొడుక్కోండి సార్. బామ్ పుయ్యలేదు. దిగొద్దులెండి, ఆ మూతికాడ వంగి నాలుగుసార్లు ఊపిరి తియ్యండి, చాలు."

అందరి ముందూ కాదనలేక తొడుక్కున్నాడు. వంగాడు. మూడో ఊపిరికే మాస్కు పీకేసి దగ్గుతూ వెనక్కి పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. రోజూ మేము పీల్చేది అదే కదా!

లేచి నిలబడేసరికి మళ్లీ కంపెనీ మనిషైపోయాడు. "మీ పర్మిట్లన్నీ కొట్టేయిస్తా! పోలీసుల్ని పిలుస్తా!"

మేము ట్యాంకు మూత వేసేశాం. కొందరం దాని మీద, మిగతా వాళ్లం చుట్టూ కూర్చున్నాం. మీటరు వచ్చేదాకా లేవం అన్నాం. గురునాథం అరుస్తూనే ఉన్నా ఒక్కడూ లేవలేదు.

గంటలో పోలీసు వ్యాను వచ్చింది. నన్నూ రహీంనూ ఎక్కించారు. మిగతా పదిహేడు మందీ దగ్గరికి జరిగి మా ఖాళీలు పూడ్చేశారు. వ్యాను గేటు వైపు తిరుగుతుంటే అద్దంలోంచి రెండో ట్యాంకు కనిపించింది. అక్కడ పనిచేసేది బంగ్లాదేశ్ వాళ్లు. మా భాష వాళ్లకు రాదు, ఏనాడూ ఒక మాట అనుకున్నది లేదు. వాళ్లు తాడు పైకి లాగేసి, మూత వేసి, దాని మీద కూర్చుంటున్నారు.