నిమ్మళించని నీళ్ళు

మా ల్యాబులో నీళ్ళకున్నంత మర్యాద మనుషులకి లేదు. పెద్ద తొట్టెలో ఒకసారి అలలు పుట్టించామంటే, మళ్ళీ పుట్టించే ముందు ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నీళ్ళు పూర్తిగా నిమ్మళించాలి. లేకపోతే పాత అల మిగిలిపోయి కొత్త అలని దెబ్బతీస్తుంది, లెక్క తప్పొస్తుంది.

రెండేళ్ళ కిందట నేను ఐదు నిమిషాలే ఆగాను. రిపోర్టుకి గడువు ముంచుకొచ్చింది, పైకి నీళ్ళు కదలనట్టే కనిపించాయి. పెద్ద పనిమంతురాలిననుకున్నాను.

అప్పుడు తొట్టెలో ఉన్నది ఒక తేలే సబ్‌స్టేషన్ నమూనా, టీపాయంత. అసలుది ఇప్పుడు నడిసముద్రంలో ఉంది. చుట్టూ ఉన్న గాలిమరల కరెంటంతా దానికే వస్తుంది. నాలుగు గొలుసులు దాన్ని సముద్రం అడుక్కి కట్టి ఉంచుతాయి. దానిమీద ఏడుగురు పనిచేస్తారు. వాళ్ళలో ఒకడైన మా తమ్ముడే వాళ్ళకి పెద్ద.

ఈ ఉదయం వేరే పనికోసం పాత రికార్డులు తీస్తే, ఆనాటి టెస్టులో అల మొదలవకముందే నీటిమట్టం చూపే గీత వణుకుతూ కనిపించింది. పాత అల అప్పటికింకా ఆగలేదన్నమాట. సాయంత్రానికి అక్కడికి తుఫాను వస్తోంది. నమూనాని అటక మీంచి దింపించి, తొట్టెలో కట్టి, తుఫాను అలలు వదిలాను. మూడో గొలుసు మీద లాగుడు అప్పట్లో రిపోర్టులో నేను రాసినదానికి ఒకటిన్నర రెట్లు వచ్చింది. ఆ గొలుసు అంత ఓర్చుకోదు.

మా ల్యాబు పెద్దాయన్ని చాటుగా 'మరోసారి సారు' అంటాం. ఆయన గదిలోకి పరిగెత్తాను.

"వాళ్ళని దింపెయ్యమని చెప్పండి సార్. తప్పు నాదేనని రాసిస్తాను."

"ఒక్క టెస్టుతో ఎలా చెప్తామమ్మా? మరోసారి చెయ్యి."

"నాలుగింటికి చివరి బోటు సార్!"

"అందుకే మాటలాపి మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. ముందే తమ్ముడికి ఫోన్ చేసి ఉండాల్సింది. పైవాళ్ళని దాటి చెప్పకూడదని భయపడ్డాను. నా చెంపలు నేనే వాయించుకోవాలి. గట్టుమీద కూర్చుని, ఆ నీళ్ళని నోటికొచ్చినట్టు తిడుతూ ఆగాను. రెండోసారీ అదే అంకె. సారు కంపెనీవాళ్ళ నంబరు వెతుకుతుంటే ఆగలేక తమ్ముడికి ఫోన్ కొట్టాను.

"బోటెక్కండిరా. అందరూ. ఇప్పుడే."

"అలలు లేస్తున్నాయని అది ముందే వచ్చేసిందక్కా. మావాళ్ళు వెళ్ళిపోదామన్నారు. ఆ గొలుసులు మా అక్క చూసినవి, ఏం కాదని చెప్పి, బోటుని పంపించేశాను."

"వెనక్కి పిలువు," అన్నాను.

"ఇంక బోటు దగ్గరికి రాలేదు. ఏమైందక్కా?"

చెప్పాను. ఐదు నిమిషాల సంగతి కూడా చెప్పాను. తిట్టరా, అన్నాను ఏడుస్తూ.

"తర్వాత తిడతాను. ఏ గొలుసు?"

"మూడోది."

"మా గదులన్నీ దాని పక్కనే ఉన్నాయి. అందర్నీ అవతలి మూలకి పంపిస్తాను. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు."

వాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి కేకేస్తున్నాడు. నేను ఫోన్ చెవికి అదిమిపట్టి లెక్కపెడుతున్నాను. ఐదుగురు పలికారు. ఆరో పేరు మళ్ళీ పిలుస్తున్నాడు.