పౌలు ఇంటి వైపు దీపాలు

మొగులయ్య పలుగుతో గోడ పక్కన సన్నగా కాలువ తీస్తూ, మధ్యమధ్య ఎదురింటి వైపు ఓ చూపు విసురుతున్నాడు. వారమంతా పటాన్‌చెరు మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించి అరచేతులు చెప్పుతోలులా తయారయ్యాయి. బొటనవేలి గోరు నల్లబడి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అలాంటి మనిషి సెలవు రోజున చాపేసుకుని పడుకోవాలి. పడుకోనిస్తేనా ఆ పౌలు లైట్లు!

పౌలు బాపట్ల వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఎదురింట్లో కిరాయికి ఉంటున్నాడు. కిరాయి ఇంటికి ఎవడైనా సొంత ఖర్చుతో దీపాలు పెడతాడా? పెట్టాడు మహానుభావుడు. దాంతో కిష్టారెడ్డిపేటలోని ఆ గల్లీకి కళ వచ్చిందట. ఆ మాట ఊరివాళ్లు అని ఉంటే మొగులయ్య పట్టించుకునేవాడు కాదు. సొంత పెళ్లాం సోమమ్మ అంది. కుట్టు కంపెనీ నుంచి పొద్దుగూకాక బస్సు దిగి, వీధిదీపం లేని ఆ గల్లీలో నడిచొస్తుంది. చెప్పులు విడుస్తూ రోజూ అదే మాట.

“పౌలన్న లైట్లుండబట్టి గాని, లేకుంటే నా కాలు ఇరుగుతుండె.”

తన పెళ్లాం ఇంకొకడి వెలుతురులో ఇల్లు చేరడమేమిటి! మొగులయ్యకు కడుపు మండిపోయింది.

పన్నెండు వోల్టుల అడాప్టర్ పాత సామాను దుకాణంలో దొరికింది. వైరు ముక్కలు ఒకదానికొకటి అతికాడు. చిన్న ఎల్‌ఈడీ బల్బులకు పీవీసీ పైపు కోసి గొట్టాలు తొడిగాడు. షాకు కొట్టే కరెంటు కాదు గనక ఎలక్ట్రీషియన్ని పిలిచే పని లేదు. వైరు మట్టిలో పూడ్చి, ఒక్కో గొట్టాన్నీ సరిగ్గా ఎదురింటి గుమ్మానికి గురిపెట్టాడు. చూసి పౌలు కుళ్లుకు చావాలి మరి!

పౌలు గేటు దగ్గరికొచ్చి చూశాడు. “మొగులయ్యగారూ, గొట్టాల మూతులు నేలకి తిప్పండి. ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో కొడతాయి.”

“నాకు తెల్వదా ఏంది?” తలెత్తకుండానే అన్నాడు మొగులయ్య.

పౌలు గల్లీ పక్క మురుగు మోరీ వైపు ఓసారి చూసి లోపలికి వెళ్లాడు.

మధ్యాహ్నం ఎదురింటి ముందు లారీ ఆగింది. మంచం, బీరువా ఎక్కాయి. పౌలు తన దీపాలు పీకి అట్టపెట్టెలో సర్దుకున్నాడు.

“ఉద్యోగం అయిపోయిందండీ, ఊరెళ్లిపోతున్నాం. సోమమ్మగారికి చెప్పండి.”

మొగులయ్య బుర్ర ఊపి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఇంత కష్టపడి పెడితే, వెలిగేదాకానైనా ఆగకుండా పోతాడా వీడు! లారీ కదిలిన చప్పుడు లోపలి నుంచే విన్నాడు.

చీకటి పడగానే స్విచ్చి వేశాడు. ఖాళీ ఇంటి తాళం ధగధగలాడింది. ఇంతలో ఆ రోజూ సెలవు లేని కుట్టు కంపెనీ నుంచి సోమమ్మ వచ్చింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని తడబడి, మోరీ దాటబోయి కాలుజారి కూలబడింది.

“గిదేంది! కండ్లు కనవడ్తలేవు. పౌలన్న లైట్లేవి?”

“ఎల్లిపోయిండు. ఇగ రాడు.”

“నాకు చెప్పకుంటనే?”

మోకాలు చిట్లింది, సోమమ్మ ఏడ్చేసింది. ఆ ఏడుపు మాత్రం మోకాలి కోసం కాదని మొగులయ్యకు తెలిసింది. తెలిసి, ఊరెళ్లిపోయినవాడి మీద ఇంకా కుళ్లుకున్నాడు.

ఆమెను లేపి గడప మీద కూర్చోబెట్టి, ఒక్కో గొట్టాన్నీ నేలకు వంచాడు. వెలుతురు గల్లీలోకి జారి మోరీ గట్టు మీద పడింది. సోమమ్మ రోజూ దాటే చోట పౌలు దీపం ఒకటి అలాగే పాతి ఉంది. మరిచిపోయాడనుకుందామంటే వీల్లేదు. దాని వైరు మొగులయ్య గోడ దాకా లాగి, కలుపుకుంటే చాలన్నట్టు చుట్ట చుట్టి, కొసలకు కొత్త టేపు అంటించి ఉంది.