హాల్లో పడుకున్న రాత్రులు

లంచ్ డబ్బాలు కడుగుతూ కడుగుతూ ఆమె సింకులోకి వాంతి చేసుకుంది. నిన్నటి కూర వాసన అనుకుంది మొదట. మూతల రబ్బరు సందుల్లో ఇరుక్కున్న జిడ్డు కంపు అనుకుంది. ఆ ఇంట్లోంచి రోజూ నాలుగు డబ్బాలు బయటికి వెళ్తాయి. నాలుగూ ఆమే నింపాలి, నాలుగూ ఆమే కడగాలి, ఒక్క మూత కనిపించకపోయినా ఇల్లంతా గాలించాల్సిందీ ఆమే. అందుకని కడుపులో తిప్పితే ముందు డబ్బాల మీదే అనుమానం వస్తుంది గానీ, కడుపు మీద ఎందుకొస్తుంది? పైగా ఆ భయం తీరిపోయి రెండేళ్లు దాటింది. చిన్నవాడు పుట్టినప్పుడు, పొట్ట కోసి వాణ్ని బయటికి తీసిన ఆ బల్ల మీదే, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసెయ్యమని డాక్టరుకు ముందే చెప్పి మరీ మత్తులోకి వెళ్లింది.

అయినా మందుల షాపులో పరీక్ష పట్టీ కొనుక్కొచ్చి చూసుకుంది. రెండు గీతలు వచ్చాయి. ఆ కంపెనీ మంచిది కాదేమోనని ఇంకో కంపెనీది కొంది. అదీ మొహమాటం లేకుండా రెండు గీతలే చూపించింది.

భర్తకు చెబితే అతను మంచం అంచున కూర్చుండిపోయాడు. తర్వాత లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, దిగులుపడకు. అయిందేదో అయింది" అన్నాడు. అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వంట చేసి కాదు, మంచినీళ్లు తాగి. "ఇద్దరు ఉన్నచోట ముగ్గురు. ఇల్లు కళకళలాడిపోతుంది. నువ్వేం బెంగపెట్టుకోకు, నేను లేనూ?" అంది. ఆవిడ ఉండటమంటే సోఫాలో ఉండటమని ఆ ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

ఆపరేషన్ అయ్యాక కూడా ఇలా ఎలా జరిగిందని ఆ ఇద్దరిలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అది ఆమెకు తర్వాత తట్టింది. అప్పటికి మాత్రం ఆమె కోపమంతా ఆస్పత్రి మీదే.

ఆమెకు ఈ బిడ్డ వద్దు. ఆ సంగతి తనకు తాను చెప్పుకోవడానికి రెండో గీత కనిపించిన క్షణం కూడా పట్టలేదు. పిల్లలంటే ఆమెకు ప్రాణం. ఎవరూ అడగకపోయినా ఈ మాట ఒకటి ముందుగా చెప్పుకోవలసి వస్తుంది ప్రతిసారీ, దొంగ కాదని నిరూపించుకోవడానికి జేబులు తిప్పి చూపించినట్టు. పెద్దది పుట్టినప్పుడు సెలవు పెట్టి తిరిగి వెళ్లేసరికి ఆమె కుర్చీలో వేరే మనిషి ఉంది. చిన్నవాడు పుట్టి మళ్లీ వెళ్లేసరికి, ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రది ఆమెకే పై అధికారి అయి కూర్చుంది. ఇన్నాళ్లకి, వచ్చే నెల నుంచి కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే పని ఆమెకి అప్పగిస్తున్నారు. నడుము నొప్పి ఇంకా తగ్గలేదు. చిన్నవాడు ఇంకా రాత్రి రెండుసార్లు లేస్తాడు, లేచినప్పుడల్లా వాడికి అమ్మే కావాలి. తెల్లవారి డబ్బాలు, బస్సు, ఆఫీసు, మళ్లీ బస్సు, మళ్లీ డబ్బాలు. ఈ రోజుల మధ్య ఇంకొక మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలో ఆమెకు అర్థం కాలేదు. ఇవేవీ లేకపోయినా, ఇంట్లో పది మంది పనివాళ్లున్నా సరే, ఆమెకు వద్దు. అంతే. ఆ 'అంతే' అన్న మాటని బయటికి అనడమే కష్టం.

ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, గర్భస్రావం చట్టం మీదే చర్చ. ఎన్ని వారాల దాకా ఒప్పుకోవాలి, ఎవరి అనుమతి ఉండాలి, కడుపులో ఉన్నదానికి హక్కులున్నాయా లేవా అని కోట్లు వేసుకున్న పెద్దమనుషులు గొంతులు చించుకునేవాళ్లు. వాళ్లందరి మధ్యా ఒక్క ఆడమనిషి ఉండేది, ఆవిడ నోరు తెరిచేసరికి ప్రకటనలు వచ్చేవి. అది చూసి భర్త మండిపడేవాడు. "ఎవరి ఒళ్లు వాళ్లది. ఆడదాని కడుపు గురించి వీళ్లంతా తీర్పులేంటి? ఆవిడ ఇష్టం, ఆవిడ నిర్ణయం. ఇందులో చర్చేముంది అసలు!" అనేవాడు. ఆమె బట్టలు మడతపెడుతూ ఆ మాటలు వినేది. మడతపెట్టేవన్నీ అతని చొక్కాలే అయినా, ఆ మాటలు వింటుంటే చేతులకి బరువు తెలిసేది కాదు.

ఆఫీసులో కూడా ఆ మాటలే గర్వంగా చెప్పుకునేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే చర్చ లేచి, మేనేజరు "ముందే జాగ్రత్తగా ఉంటే ఈ గొడవలుండవు కదా" అని పళ్లు కుట్టుకుంటూ అన్నప్పుడు, పక్కసీటు అమ్మాయి "ఆ జాగ్రత్తేదో మగాళ్లని ఉండమనండి సార్" అని చురక వేసింది. అప్పుడు ఆమె పక్కసీటు చెవిలో, "మా ఆయన అలాంటి మనిషి కాదు తెలుసా. ఆపరేషన్ అయిపోయింది, ఇక నాకేం అడ్డు అనుకునే రకం కాదు. నెలలో కొన్ని రోజులు తనే దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోతాడు. నువ్వు అలిసిపోయావు, హాయిగా పడుకో అంటాడు" అని చెప్పింది. పక్కసీటు ముక్కున వేలేసుకుని, "ఓసారి మా ఇంటికి పంపించవే బాబూ, మా ఆయనకి ట్యూషన్ చెప్పిస్తాను" అంది. ఇద్దరూ పొలమారేలా నవ్వుకున్నారు.

అలాంటి మనిషికి చెప్పడానికి భయమెందుకని ఆమె ఆ సాయంత్రమే చెప్పేసింది. "నాకు వద్దండీ. తీయించేసుకుంటాను."

అతను టీవీ గొంతు తగ్గించాడు. "తొందరపడకు. ఇది మనిద్దరికీ సంబంధించిన విషయం."

"మొన్న మీరే అన్నారు కదా, ఆవిడ ఇష్టం, ఆవిడ నిర్ణయం అని."

"అది వేరు. అది సమాజం. ఇది ఇల్లు."

ఎంత తేలిగ్గా అనేశాడో! ఆమె లేచి వెళ్లి పెద్దదాని హోంవర్కు దగ్గర కూర్చుంది. అయితే ఆమె అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. బట్టలుతికే యంత్రాల కంపెనీలో ఫోన్లో ఫిర్యాదులు తీసుకోవడం ఆమె ఉద్యోగం. రోజంతా ఊళ్లోవాళ్ల యంత్రాల గోడు వింటుంది. నీళ్లు తిరగడం లేదంటారు, దానంతట అదే ఆగిపోయిందంటారు, మేమసలు ముట్టుకోలేదంటారు. ఎవరు నిజంగా ముట్టుకోలేదో, ఎవరు కంబళ్లు కుక్కి మోటారు కాల్చేశారో గొంతు బట్టి చెప్పేస్తుంది. నిజంగా నష్టపోయినవాళ్లు అరుస్తారు. తప్పు చేసినవాళ్లు అవసరానికి మించిన మర్యాదతో మాట్లాడతారు.

ఆదివారం పొద్దున్న టీ తాగుతుండగా, "ఆస్పత్రి మీద ఫిర్యాదు చేస్తాను" అంది. "ఆపరేషన్ విఫలమైంది కదా. వాళ్లే బాధ్యత తీసుకుని ఇది తీసి, మళ్లీ సరిగ్గా చెయ్యాలి."

అతను కప్పు కింద పెట్టాడు. "చూడమ్మా," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను అతను 'అమ్మా' అనడం అదే మొదలు. "నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. కానీ పాపం ఆ డాక్టరు చాలా మంచావిడ. ఇలాంటివి ఎవరి తప్పూ కాదు. వాటంతట అవే ఒక్కోసారి అలా జరిగిపోతుంటాయట."

ఈ గొంతు ఆమెకు తెలుసు. రోజూ చెవికి తగిలించుకుని వినే గొంతే. ఆమె నోటికి అలవాటైన ప్రశ్నలు వాటంతట అవే వచ్చేశాయి. ఆపరేషన్ అయిందని మీకు ఎవరు చెప్పారు? డాక్టరా, నర్సా? నేను లోపలున్నప్పుడు మీతో ఎవరైనా మాట్లాడారా? మీరేమన్నారు?

అతను తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాడు. సోఫాలోంచి అత్తగారే విసుక్కుంది. "పొద్దున్నే ఏంటే ఈ పోలీసు ప్రశ్నలు? చెయ్యని ఆపరేషన్‌కి వాళ్ల మీద ఫిర్యాదేంటి, నవ్వుతారు నలుగురూ!"

అనేశాక ఆవిడకు నోరు జారిందని తెలిసింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు పెట్టుకుని ఏం లాభం?

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. బిడ్డని తీశాక నర్సు తలుపు తీసుకుని బయటికి వచ్చిందట. మీ ఆవిడ రెండో ఆపరేషన్ కూడా అడిగారు, చేసెయ్యమంటారా అని అడిగిందట. లోపల చెప్పిన మనిషి మాట చాలక, తలుపు బయట నిలబడ్డ మనిషిని అడిగిందన్నమాట. అతను వద్దన్నాడు. లోపలికి వెళ్లేముందే ఆవిడ మనసు మార్చుకుందండీ, మీకు చెప్పడం మరిచిపోయింది అన్నాడు. ఆమె కళ్లు తెరిచాక మాత్రం, నుదురు నిమిరి, "రెండూ అయిపోయాయి, ఒకే కోతతో" అని చెప్పాడు. ఆస్పత్రి కాగితాలన్నీ తనే తీసుకుని దాచాడు. ఆ నిమరడం ఆమెకు బాగా గుర్తు. అప్పుడు తన కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

"నీకోసమే కదే!" అత్తగారు తేరుకుంది. "రెండు కోతలంటే మూడు నెలలు మంచం దిగలేవన్నారు ఎవరో. చంటిపిల్లాడు, పెద్దది, మావాడి భోజనం. ఇవన్నీ ఎవరు చూస్తారు చెప్పు?"

"రేపెప్పుడైనా మనకి ఇంకొకరు కావాలనిపిస్తే దారి ఉండాలి కదా అనుకున్నాను," అన్నాడు అతను. "చెబితే బాధపడతావని చెప్పలేదు. అయినా నిన్ను గాలికి వదిలేశానా? ఇన్నాళ్లూ నేనే జాగ్రత్తపడ్డాను కదా! రోజులు చూసుకుని, ప్రమాదం అనుకున్నప్పుడల్లా దిండు తీసుకుని హాల్లోకి వెళ్లి పడుకోలేదా? సోఫాలో నడుం పట్టేసినా ఒక్కసారైనా నీతో అన్నానా? ఏదో ఒక్కసారి లెక్క తప్పింది."

అతను ఆ మాటని తన తరఫు సాక్ష్యంలా చెప్పాడు. నిజంగానే మెచ్చుకోవాలన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు.

ఆపరేషన్ చెయ్యలేదన్నప్పుడు కూడా ఆమెకు ఇంత దెబ్బ తగల్లేదు. నువ్వు అలిసిపోయావు, హాయిగా పడుకో. ఆ మాట కోసం ఎన్ని సాయంత్రాలు ఎదురుచూసింది! మంచం మొత్తం తనదే అయిన ఆ రాత్రుల్లో, దుప్పటిలో అతని వాసన పీల్చుకుంటూ, ఎంత అదృష్టవంతురాలినో అనుకునేది. ఆ మర్నాడు అతని డబ్బాలో కూర ఇంకో గరిటె ఎక్కువ వేసేది. తన ఒంట్లో ఏ రోజు ఏం జరుగుతోందో తనకి తెలియకుండా ఒకడు లెక్కలు కట్టుకుంటుంటే, దాన్ని ప్రేమ అనుకుని పక్కసీటుతో గొప్పలు చెప్పుకుంది. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది. తప్పు చేసింది వాళ్లయితే సిగ్గు తనకెందుకు రావాలని ఇంకా ఏడుపొచ్చింది.

గదిలోకి వెళ్లి తలుపేసుకుని తల్లికి ఫోన్ చేసింది. ప్రసవమప్పుడు తల్లి కూడా ఆ తలుపు బయటే ఉంది.

"అమ్మా, నీకు తెలుసా?"

"అప్పుడు నువ్వు బాగా నీరసంగా ఉన్నావే," అంది తల్లి. "అల్లుడు అంతగా చెబుతుంటే కాదనగలనా?"

"లోపలికి తీసుకెళ్లేముందు నీ చెయ్యి పట్టుకుని చెప్పాను కదమ్మా. నా వల్ల కాదు, ఇద్దరు చాలని."

"చెప్పావులే. ఆడదానికి ఎప్పుడే ఆశ పుడుతుందో ఎవరికి తెలుసు? నీ మంచికే అనుకున్నాను. సరే, ఇప్పుడు దీన్ని రచ్చ చెయ్యకు. పిల్లలున్నారు."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతని మీద కోపం వచ్చింది గానీ, తల్లి మీద కోపం కూడా రాలేదు. గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ముగ్గురు మనుషులు ఒక నడవాలో నిలబడి, ఒకరి మొహాలొకరు చూసుకుని, ఆమె ఒంటి గురించి ఒక మాట అనుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ముగ్గురూ ఆమెతో కలిసి తిన్నారు, నవ్వారు, ఆమె చేత టీ పెట్టించుకున్నారు. ఒక్కసారి కూడా ఎవరి గొంతులోనూ ముద్ద అడ్డుపడలేదు.

నిజం చెప్పాలంటే, అతను ఎదురుగా కూర్చుని, నాకు ఇంకొకరు కావాలనుంది, నువ్వేమంటావు అని అడిగి ఉంటే ఆమె ఏమనేదో ఆమెకే తెలియదు. మెత్తబడేదేమో. పోట్లాడేదేమో. అటో ఇటో తేల్చుకోలేక కొన్నాళ్లు సతమతమయ్యే హక్కు కూడా ఆమెదే. దాన్ని కూడా ఆ నడవాలోనే ఊడబెరుక్కున్నారు. ఇప్పుడు మాత్రం సతమతం ఏమీ లేదు.

అతను మూడు రోజులు వెంటపడ్డాడు. తప్పయిందన్నాడు, చేతులు పట్టుకున్నాడు. అవి పనిచెయ్యకపోయేసరికి, "అందులో నాకూ భాగముంది కదా" అన్నాడు. బయట ఎవరికీ చెప్పి పరువు తియ్యొద్దన్నాడు. ఆమె విన్నది, విని పిల్లల బట్టలు సంచిలో సర్దింది. రెండు రోజులు పక్కసీటు వాళ్లింట్లో పెడతానంది. పక్కసీటుతో అన్నీ చెప్పేసింది, హాల్లో పడుకున్న రాత్రులతో సహా. పక్కసీటు ఈసారి నవ్వలేదు, గట్టిగా వాటేసుకుంది.

వేరే ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరు పరీక్ష చేసి, ఇంకా తొలి వారాలే, భయం లేదంది. ఇది తీసెయ్యడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రెండూ ఒకేసారి చెయ్యొచ్చంది.

"మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. సాయంత్రం ఫ్రెండు వచ్చి తీసుకెళ్తుంది."

"మీ ఆయనకి తెలుసా?"

"చెప్పాను. అనుమతి అడగలేదు."

డాక్టరు తలెత్తి ఆమెను ఒకసారి చూసింది. మీ సంతకం ఒక్కటే చాలంది. ఆమె పెట్టింది. బల్ల మీద పడుకోబెట్టారు. గది చల్లగా ఉంది. పాదాలకు దుప్పటి సరిపోలేదు, ఒక నర్సు ఇంకోటి తెచ్చి కప్పింది. తలుపు వైపు చూసింది ఆమె. అవతల ఎవరూ లేరు. అయినా ఇంకోసారి చూసింది. మత్తు డాక్టరు దగ్గరికొచ్చి, "నిద్రపోతే ఏమీ తెలియదు, లేచేసరికి అంతా అయిపోతుంది" అన్నాడు నవ్వుతూ.

"వద్దు డాక్టర్," అంది ఆమె. "నొప్పి తెలియకుండా ఆ చోట మాత్రమే సూది వేయండి. నేను మెలకువగా ఉంటాను."